మోకాలిలోతు నీళ్ళే గదా

నౌపడ,
ఫిబ్రవరి మూడో ఆదివారం.

అక్కకి నీ తమ్ముడు పరంజ్యోతి వందనాలు పెట్టి రాస్తన్నది. ఇక్కడ నాను, నా పెళ్ళాం ప్రిస్కిల్లా బాగున్నాం. అక్కడ నువ్వు బాగా కోపంగా ఉన్నావని తెల్సు గనక నీ బాగోగులు అడగను.

కాయితం మీద రాయడం ఎప్పుడో మర్సిపోనాను. తొమ్మిదో తరగతి తప్పినోడి అచ్చరాలు ఇవి, తిట్టుకోకుండా సదువు. పోస్టాపీసుకెల్లి కవరు అడిగితే అక్కడి మేడమ్ నన్ను పైకీ కిందకీ సూసి, "ఏటి జ్యోతీ, ఇందులో పేలే సామానేటైనా పెడతావా?" అంది. సూడు, ఊళ్ళో నా పేరు ఎంత బాగుందో. ఏటి సెయ్యను మరి? నా నంబరు నీ ఫోన్లో బ్లాకు సేసీసినావని మీ అమ్మాయి గ్లోరీ సెప్పింది. ప్రిస్కిల్లా ఫోన్లోంచి సేస్తే "అక్కా" అనగానే పెట్టీసినావు. గేసు బండోడి గొంతుతో సేసినాను, అదీ పెట్టీసినావు. తర్వాత నిజం గేసు బండోడు సేస్తే వాణ్ణీ తిట్టినావంట గదా. పాపం, వాడేటి సేసినాడు? ఇంతకీ సిలిండరు వచ్చిందా?

సరే. ఆ శనివారం సంగతి నా పక్క నుంచి కూడా ఒకపాలి ఇను.

కళింగపట్నం పోదామన్నది మీరు. నన్ను రమ్మని పిలిసిందీ మీరే. నా మైకు సెట్టు బండిలోంచి బాక్సులన్నీ దింపీసి, పరుపులు ఏసి, మహారాజుల్లాగ మిమ్మల్ని ఎక్కించుకున్నాను. శాలిహుండం కొండ మీద పాత బౌద్ధుల ఇటికల గుండ్రాల కాడ ఏటయింది? విశాఖపట్నం నుంచి వచ్చినోళ్ళెవరో కనబడితే నాను గైడునని సెప్పి, "ఇది రాజుగారి వంటశాల, ఈ గుండ్రం ఆరి దోసెల పెనం" అన్నాను. ఆళ్ళు దానికి ఫొటోలు తీసుకున్నారు. బావ కడుపు పట్టుకొని రాయి మీద కూలబడిపోనాడు గదా! కళింగపట్నంలో లైటు హౌసు కాడా నవ్వుతానే ఉన్నాడు. పాత రేవు సూసినప్పుడూ నవ్వుతానే ఉన్నాడు. అన్నాలు తిన్నప్పుడు నా ఇస్తరాకులో సేప ముక్క తనే దొంగిలించినాడు. బావ అంత ఉసారుగా ఉండడం నా జన్మలో సూడలేదు.

తర్వాత ఏట్లో దిగినాం. వంశధార అక్కడ ఎంత ఎడల్పో అంత పల్సన. గేదెలు కూడా ఈపు తడవకుండా దాటీగలవు. బావ పేంటు మడత పెట్టి, నీ సెయ్యి పట్టుకొని, కొత్తగా బడికెల్లే పిల్లోడిలాగ అడుగులో అడుగు ఏసుకొని దిగినాడు. ముప్పయ్యేళ్ళు కాపరం సేసినోళ్ళు అలగ సేతులు పట్టుకుంటే ఎవుడికి నవ్వు రాదు? అప్పుడు పుట్టింది నాకు ఆ బుద్ధి.

మీ సంఘంలో అందరి నోట్లో ఉన్న ప్రెశ్నే గదా అక్కా. మన బాప్టిస్టులకి సంటి పిల్లల మీద నీళ్ళు జల్లడం లేదు. పెద్దయినాక ఎవుడికాడే నిర్ణయించుకొని నీళ్ళల్లో నిలువునా మునగాల. మునిగితేనే ప్రభు బల్ల, రొట్టె, రసం. బావ మన ఇళ్ళల్లోనే పుట్టినాడు, పెతీ ఆదివారం బైబిలు సంకన పెట్టుకొని వస్తాడు. యాభై దాటిపోనా మునగలేదు. బల్ల ఆదివారం నువ్వు ముందు బెంచీలో రొట్టె తీసుకుంటంటే ఆయన ఆఖరి బెంచీలో సెప్పుల కాపలాకి పెట్టినట్టు కూకుంటాడు. ఎప్పుడు బావా అంటే "ఇంకా సిద్ధపడలేదు" అంటాడు. నాను సిద్ధపరిసినాను, అంతే.

ఎనకాల నుంచి ఎల్లి, మీ పాస్టరు ధనరాజ్ అయ్యగారి గొంతు పెట్టి, "సహోదరుడు ఎజ్రాకు బాప్తిస్మమిచ్చుచున్నాను" అని, ఒక సెయ్యి మెడ కింద, ఒక సెయ్యి రొమ్ము మీద ఏసి ఎనక్కి ఒరిగించీసినాను. అచ్చం అయ్యగారు ముంచినట్టే. గ్లోరీ ఈడియో తీస్తంది. బావ కాళ్ళూ సేతులూ కొట్టుకున్నాడు, లేసినాడు, దగ్గినాడు. అంతే గదా! మోకాలిలోతు నీళ్ళే గదా!

దానికి తడి బట్టలతో ఎల్లి బండిలో కూకున్నాడు. గరివిడి దాకా పలకలేదు. తిట్టినా పడతాను, కొట్టినా పడతాను. పలకని మడిసిని ఏటి సేసుకోను? కోపం తగ్గినాక ఒక్క ముక్క రాయించు.

ఇట్లు,
నీ తరవాత నీ తలనొప్పి కోసమే పుట్టిన
పరంజ్యోతి


గరివిడి,
ఫిబ్రవరి చివరి బుధవారం.

పరంజ్యోతికి,

ఉత్తరం అందింది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ బావ డ్యూటీకి వెళ్తున్నాడు. సిలిండరు వచ్చింది.

నేను ఫోను ఎత్తను. నీ గొంతు వింటే అది ఎవరి గొంతో, అందులో ఏది నిజమో నాకు తెలియదు. కాయితం మీద నీకు గొంతు ఉండదు. చెప్పాలనుకున్నది రాయి, చదువుతాను.

గ్లోరీ తీసిన వీడియో నీ దగ్గర ఉంటే తీసెయ్యి. దాన్ని నేను బాగా తిట్టాను. తన ఫోన్లో తీసేసింది. ఎవరికీ పంపొద్దు. ఎందుకని అడగొద్దు.

జ్ఞానసుందరి


నౌపడ,
మార్చి మొదటి గురువారం.

అక్కకి,

పంపొద్దన్నావు. నీ ఉత్తరం వచ్చేసరికే పంపీసినాను. కళింగపట్నం నుంచి వచ్చిన మర్నాడే, మీ సంఘం మగోళ్ళ వాట్సాప్ గ్రూపులో ఏసీసినాను. కింద "ఎజ్రాగారి బాప్తిస్మ మహోత్సవం, సౌండు: పరంజ్యోతి, నౌపడ" అని కూడా పెట్టినాను. నవ్వే బొమ్మలు కుప్పలు కుప్పలుగా వచ్చినాయి. మీ సంఘం హరిబాబు అయితే నాకు ఫోన్ సేసి నవ్వలేక దగ్గినాడు. ఇప్పుడు తీసీమంటే తీసీగలను గాని, సూసినోళ్ళ కళ్ళలోంచి ఎలగ తియ్యను?

ఎందుకని అడగొద్దన్నావు. నాను అడుగుతాను. నా నోరు అలాంటిది, నీకు తెల్సు.

నీళ్ళలో పడితే మడిసి తడుస్తాడు, ఎండలో కూకుంటే ఆరతాడు. దీనికి అక్కాతమ్ముళ్ళు ఇడిపోవాలేటి? బావ నిప్పుల్లో బతికినోడు. మీ ఫేక్టరీకి ఒకపాలి వచ్చినప్పుడు సూసినాను గదా, ఆ ఫర్నేసు కాడ, నా కనుబొమ్మలు మాడిపోతాయని నాను గేటు కాడికి పరిగెత్తితే, ఆయన దాని ముంగిట నిలబడి నాతో కబుర్లు సెప్పినాడు. అంత గట్టి మడిసికి సిన్న ఎకసెక్కెం అరగదా?

కోపం తెచ్చుకోకు గాని ఒక మాట. జనం ఊరికే అనుకోరు. మునగనోడికి లోపల ఏదో ఉంటాది. ఒప్పుకోలేని పాపం ఉంటేనే నీళ్ళకాడికి రాడని ఇక్కడ మా సంఘంలో కూడా అంటన్నారు. ఏటది? పేకాటా? ఎక్కడైనా రెండో సంసారం గాని ఉందా? ఉంటే సెప్పు, నాను ఎవుడికీ సెప్పను. నువ్వు నవ్వుతావని రాసినాను ఇది. నవ్వు ఒకపాలి.

పరంజ్యోతి


గరివిడి,
మార్చి రెండో ఆదివారం.

ఒరే జ్యోతీ,

నీ ఉత్తరం చదివి చింపేశాను. మళ్ళీ ముక్కలు ఏరి పొయ్యిలో పెట్టాను, మీ బావ కంట పడకూడదని. రెండో సంసారమని రాయడానికి నీకు చెయ్యి ఎలా వచ్చిందిరా? ఏటి తిని పెరిగావు నువ్వు? అమ్మ నాకూ అదే గంజి పోసింది కదా!

ఎందుకని అడిగావు. విను మరి.

మీ బావకి నీళ్ళంటే భయం. అంతే. పాపమూ లేదు, పేకాటా లేదు. చిన్నప్పుడు వాళ్ళ పొలంలో బావిలో పడ్డాడు. వాళ్ళ నాన్న దిగి అందుకునేదాకా గోడలో రాయి పట్టుకొని ఉన్నాడట. పైన వెలుతురు గుండ్రంగా, చిన్నగా కనబడేదట. అరుద్దామని నోరు తెరిస్తే నీళ్ళట. పెళ్ళయిన కొత్తలో నాకు చెప్పి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. ఫర్నేసు దగ్గర పనిచేసే మగాడు నీళ్ళకి భయపడతాడంటే నవ్వుతారని. ఎవరు నవ్వుతారంటావు? నువ్వే.

మా గుడిలో బాప్తిస్మపు తొట్టి చూశావు కదా. నాలుగు పక్కలా సిమెంటు గోడలు, లోపలికి మెట్లు. నీకది తొట్టి. ఆయనకది బావి. దాని మూత తీసిన ఆదివారం ఆయన గుడికే రాడు, ఎప్పుడైనా గమనించావా? అందులో దిగమంటే ముప్పయ్యేళ్ళుగా "ఇంకా సిద్ధపడలేదు" అంటూ వచ్చాడు. అందరూ ఏదో పాపం అనుకున్నారు. అనుకోనీ, భయమని తెలిసేకంటే నయం అన్నాడు.

మొన్న క్రిస్మస్ అయ్యాక ఒకనాడు పొద్దున్నే టీ తాగుతూ అన్నాడు, "జ్ఞానం, ఇంకెన్నాళ్ళు ఆఖరి బెంచీలో కూర్చుంటాను? నీ పక్కన కూర్చొని రొట్టె తీసుకోవాలని ఉన్నాది." అని లేచి పెరట్లోకి వెళ్ళి, బకెట్టు నిండా నీళ్ళు పట్టి, దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మొదటి రోజు చుబుకం ముంచాడు. తర్వాత మూతి. నేను తువ్వాలు పట్టుకొని పక్కనే నిలబడేదాన్ని. ముఖమంతా నీళ్ళలో పెట్టి లేచిన రోజు ఈ ముసలాడు పిల్లాడిలా గెంతాడురా. పక్కింటి గురమ్మ గోడ మీంచి చూసి ఏమైందని అడిగితే, కంట్లో నలుసు కడుగుతున్నాడన్నాను.

ధనరాజ్ అయ్యగారి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పుకున్నాడు. తొట్టి వద్దు, ఏరు అయితే గోడలుండవు అన్నాడు. ఆయన సరేనన్నారు. ఈస్టరు ముందు కళింగపట్నంలో అని అనుకున్నారు. మీ బావ వాళ్ళ అమ్మ పుట్టిల్లు ఆ పక్కనే.

అందుకే ఆ శనివారం వెళ్ళాం. ఒకసారి ఏరు చూసొద్దాం, దిగి చూస్తాను అన్నాడు. నిన్ను పిలవమన్నది కూడా ఆయనే. నేను వద్దంటే వద్దన్నాను. "వాణ్ణి పిలు. వాడుంటే నవ్వుతూ ఉంటాను. నవ్వుతున్నంతసేపూ భయం గుర్తు రాదు" అన్నాడు.

చదివావా? ఇంకోసారి చదువు. నిన్ను అందుకు తీసుకెళ్ళాడు.

కొండ మీద ఆ నవ్వంతా ధైర్యం కూడగట్టుకోవడం. ఏట్లో మేము చేతులు పట్టుకున్నామని నీకు నవ్వొచ్చింది. ఆయన పట్టిన పట్టుకి నా వేళ్ళు మర్నాటి దాకా నొప్పి పెట్టాయి. మోకాళ్ళ దాకా వచ్చాడు. "ఇంకొక్క అడుగు" అన్నాడు నాతో. ఆ అడుగు వెయ్యబోతుంటే వెనకాల నుంచి నువ్వు.

నీ వీడియో అందరూ చూశారు. ఈ నెల బల్ల ఆదివారం నాడు ఆయన ఎప్పట్లాగే వెనక బెంచీలో కూర్చున్నాడు. హరిబాబు వంగి, "ఇంక ముందుకొచ్చెయ్యండి ఎజ్రాగారూ, మీ బావమరిది ముంచేశాడు కదా" అన్నాడు. రెండు బెంచీలు నవ్వాయి. ఆయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. సాయంత్రం అయ్యగారితో, నా పేరు తీసెయ్యండి, నా వల్ల కాదు అని చెప్పేశాడు. గుడి మానేశాడు. ఇప్పుడు స్నానానికి నెత్తిన చెంబు కూడా పోసుకోవడం లేదు. తడి గుడ్డతో ఒళ్ళు తుడుచుకుంటున్నాడు.

ఇది నీకు రాశానని ఆయనకి తెలియదు. ఇన్నేళ్ళు నిలబెట్టుకున్న ఒట్టు నీ వల్ల తప్పాను.

జ్ఞానసుందరి


నౌపడ,
మార్చి ఆఖరు.

అక్కా,

నాలుగు కాయితాలు పాడు సేసినాను. మొదట్లో ఏదో నవ్వులాటగా రాస్తన్నాను, సదివితే నాకే రోత పుడతంది, సింపీస్తన్నాను. ఇప్పుడు కూడా ఇక్కడ ఒక ముక్క రాసి కొట్టీసినాను. ఏటి రాసి కొట్టీసినావని అడక్కు.

నీ ఉత్తరం ప్రిస్కిల్లాకి సూపించలేదు. ఒట్టు నీది, తప్పింది నా వల్ల, మూడో మడిసికి తెలీనివ్వను. ఈడియో తీసీసినాను. గ్రూపులో అందర్నీ తీసీమని బతిమాలినాను. ఇది కూడా ఏదో కొత్త తమాషా అనుకొని కొందరు మళ్ళీ పంపుకున్నారు. నా మాటకి ఊళ్ళో ఉన్న ఇలవ అది.

మొన్న ఆదివారం గరివిడి వచ్చినాను. నువ్వూ బావా గుడికి రాలేదు. సాక్ష్యాలు సెప్పే టైములో నాను లేసి నిలబడినాను. బావ భయం సంగతి ఎత్తలేదు, ఒట్టు. "నా బావని నాను అవమానం సేసినాను. దేవుడి కార్యాన్ని ఎకసెక్కెం సేసినాను. అది తప్పు. దయసేసి ఆయన్ని ఎవ్వరూ ఏటీ అనకండి" అన్నాను. అంతే అక్కా. నవ్వినారు. ముందు బెంచీలో ఒక నవ్వు, తర్వాత గుడంతా. నాను ఏడుస్తన్నాను. ఎంత బాగా ఏడుస్తన్నాడో సూడండని హరిబాబు సప్పట్లు కొట్టినాడు. ఆఖర్న ఏదో పేలుస్తానని అందరూ నా మొఖంలోకి సూస్తా ఎదురుసూసినారు. ఎంతసేపటికీ పేలకపోతే అప్పుడు నవ్వు ఆగింది. నిజం ఏడుపని తెల్సి కాదు, ఇది బాగోలేదని.

మైకులు అద్దెకిచ్చి బతికినోడిని. ఎంతో మంది గొంతులు నా గొంతులో ఉన్నాయి. నాది ఏదో నాకే దొరకలేదు ఆ రోజు.

అయ్యగారు ఒక్కలే నవ్వలేదు. తర్వాత ఆరి కాళ్ళ కాడ కూకున్నాను. "అయ్యగారూ, నాను ముంచినదే లెక్కేసీండి. పూర్తిగా మునిగినాడు, జుత్తుతో సహా. మళ్ళీ ఆయన్ని నీళ్ళల్లోకి రమ్మనకండి" అన్నాను. ఎంత ఎర్రిబాగులోడినో సూడు. అయినా నిజంగానే అడిగినాను, ఆటకి కాదు.

ఆయన నన్ను లేపి బెంచీ మీద కూకోబెట్టి, "పరంజ్యోతీ, ముంచినోడి సెయ్యి కాదయ్యా లెక్క. దిగినోడి కాళ్ళు. ఎవరి కాళ్ళతో ఆళ్ళే దిగాల. అందుకే గదా మనం పసిపిల్లల్ని ముంచం" అన్నారు. మళ్ళీ తనే, "ఆ రోజు ఎజ్రాగారు తన కాళ్ళతోనే దిగినారు. నువ్వు అక్కడ ఊరుకోవలసింది" అన్నారు.

నీళ్ళు మోకాలిలోతే అని రాసినాను నీకు. ఆ మాట ఎనక్కి తీసుకుంటన్నాను. ఆయనకి ఎంత లోతో నాకు తెల్దు.

గుడి నుంచి మీ ఇంటికే వచ్చినాను. తలుపు కొట్టి, బావ కాళ్ళ మీద పడిపోదామని. గోడ పక్క నుంచి పెరడు కనబడింది. బకెట్టు బోర్లించి ఉన్నాది. దాని అడుగున దుమ్ము. అది సూసినాక తలుపు కొట్టడానికి సెయ్యి లేవలేదు. బస్సెక్కి వచ్చీసినాను.

నాకు జవాబు రాయకపోయినా పరవాలేదు.

పరంజ్యోతి


గరివిడి,
ఏప్రిల్ మొదటి శుక్రవారం.

పరంజ్యోతికి ఎజ్రా వ్రాయునది.

మీ అక్క నీకు రాసిన సంగతి నాకు చెప్పేసింది. ఆవిడ కడుపులో మాట ఎక్కువ రోజులు దాగదు. నీ ఉత్తరం నా చేత చదివించింది. రెండు రోజులు ఆవిడతో నేను మాట్లాడలేదు. తర్వాత మాట్లాడాను.

అయ్యగారు కూడా వచ్చి చెప్పారు, నువ్వు నిలబడ్డావని, నవ్వారని. ఆ నవ్వు ఒంటి మీద ఎలాగుంటాదో నాకు తెలుసు. నీకు కూడా తెలిసినందుకు నేను సంతోషపడలేదు. పడతాననుకున్నాను గాని పడలేదు.

బకెట్టు మళ్ళీ తిరగేసి నీళ్ళు పట్టాను.

ఈస్టరు ముందు శనివారం కళింగపట్నంలో దిగుతాను. నీ కోసం కాదు. ఎవరి నోళ్ళు ముయ్యడానికీ కాదు. మీ అక్క పక్కన కూర్చోవాలి, అంతే.

నువ్వు రావాల. గట్టు మీద కాదు, నీళ్ళలో. నా ముందు నిలబడు. చేతులు రెండూ నీళ్ళ పైకి ఎత్తి ఉంచు. నాకు కనబడాల. ఆ రోజు నుంచి ఒళ్ళు తడిస్తే చాలు, మెడ కింద నీ చెయ్యి ఉన్నట్టే ఉంటాది. నువ్వు రాకపోతే ఎక్కడో వెనకాల ఉన్నావేమో అని చూసుకుంటాను. అందుకని రావాల.

మైకు తేవద్దు.

ఎజ్రా


నౌపడ,
ఏప్రిల్ రెండో సోమవారం.

బావకి,
వస్తాను. ముందే నిలబడతాను. మైకు తేను.
పరంజ్యోతి


నౌపడ,
ఈస్టరు అయిన బుధవారం.

అక్కా,

నువ్వు గట్టు మీద ఉన్నావు. బావ నీ వైపు ఈపు పెట్టి దిగినాడు. ఆయన మొఖం నీకు కనబడలేదు. అయ్యగారు పక్కన ఉన్నారు, ఆయనకీ సగమే. పూరా సూసింది నాను ఒక్కణ్ణే. సూడ్డానికి అర్హత లేనోడికి ఆ జాగా దొరికింది. అది నీకు సెప్పడం నా బాధ్యత అనిపించి రాస్తన్నాను. గొంతుతో సెప్పలేను.

ఎండాకాలం గదా, ఏట్లో నీళ్ళు ఎక్కడివి అనుకున్నాను. సముద్రం పోటుకి ఎగదన్నిన నీళ్ళు అక్కడ నిలబడి ఉన్నాయి. అయ్యగారు నడుంలోతు సోటు సూసినారు. నాను అందరికంటే ముందు దిగి, ఇంకొంచెం లోతులో నిలబడి, సేతులు రెండూ పైకెత్తినాను. గట్టు మీద జనం నన్ను సూసి నవ్వినారు. "ఏం జ్యోతీ, పోలీసులకి దొరికిపోనావా?" అని హరిబాబు కేకేసినాడు. సేతులు ఇంకొంచెం పైకెత్తినాను. ఆడన్నది నిజమే గదా.

బావ తెల్ల సొక్కా, తెల్ల పంచె. నీళ్ళు మోకాళ్ళు దాటినప్పుడు గెడ్డం వణకడం మొదలయింది. కళ్ళు అయ్యగారి మీద లేవు, నీళ్ళ మీద లేవు. నా అరసేతుల మీద ఉన్నాయి. ఈ సేతి మీంచి ఆ సేతికి, ఆ సేతి మీంచి ఈ సేతికి. తొడల కాడికి నీళ్ళు వచ్చినప్పుడు ఆయన ఎనక్కి తిరిగినాడు, అది నీకు కనబడింది. తువ్వాలు పట్టుకొని నువ్వు రెండడుగులు ముందుకేసినావు. వచ్చీస్తాడనుకున్నావు గదా? నానూ అలాగే అనుకున్నాను.

నిన్ను సూసి మళ్ళీ ఇటు తిరిగినాడు. అప్పుడు నాతో ఒక మాట అన్నాడు. ఫిబ్రవరి నుంచి నాతో అన్న మొదటి మాట. మెల్లగా, "అలాగే ఉండు" అన్నాడు. నాను తల కూడా ఊపలేదు, ఊపితే ఏదైనా కదుల్తాదేమోనని. తర్వాత అయ్యగారితో "కానీండి" అన్నాడు.

అయ్యగారు సెయ్యి మెడ కింద పెట్టగానే ఆయన ఒళ్ళంతా కొయ్యలాగ బిగిసిపోయింది. ఆ సోటే అక్కా, నాను సెయ్యి ఏసిన సోటే. అయ్యగారికి తెల్సు గావాల, ఎంటనే ముంచలేదు. సెయ్యి అక్కడే ఉంచి, ఆయన ఊపిరి తీసుకున్నదాకా ఆగినారు. నాను ఆ రోజు ఒక్క ఊపిరి కూడా ఆగలేదు.

ముంచినప్పుడు కళ్ళు మూసుకోలేదు. నీళ్ళ కింద నుంచి కూడా తెరిసే ఉన్నాయి, నాకు కనబడినాయి. ఎంతసేపు? నువ్వు ప్రార్థన మొదలెట్టి ఉంటావు, పూర్తి అయి ఉండదు. అంతే. లేసినాడు. దగ్గలేదు. గట్టు మీద పాట అందుకున్నారు. నువ్వు సీర తడిపేసుకుంటా నీళ్ళల్లోకి పరిగెత్తుకొచ్చినావు, తువ్వాలు ఒక కొస నీళ్ళల్లో ఈడుస్తా. అదంతా అందరూ సూసినారు.

నాను సూసింది ఇది. ఆయన పైకి లేవగానే కళ్ళలో నీళ్ళు తుడుసుకోకముందే, అయ్యగారిని సూడకముందే, నిన్ను ఎతక్కముందే, నా సేతులకేసి సూసినాడు. ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయా లేదా అని. కొత్త బతుకులోకి లేసిన మడిసి అక్కా, మొట్టమొదట వాటికేసి సూడవలసొచ్చింది.

ఈస్టరు ఆదివారం మీరిద్దరూ ఒక్క బెంచీలో కూకొని రొట్టె తీసుకున్నారని గ్లోరీ సెప్పింది. బావ సెయ్యి నువ్వు పట్టుకున్నావంట. నాను రాకపోవడం మంచిదే అయింది. ఆ పూట ఆయన ఎవుడి సేతుల్నీ కాపలా కాయక్కర్లేకుండా ఉండాల.

గట్టు మీంచి నువ్వు "ఇంక దించరా, సేతులు పీకెయ్యడం లేదా?" అని అరిసినావు. ఇన్నాను. పీకుతన్నాయి. బావ గట్టెక్కి, నువ్విచ్చిన తువ్వాలు కప్పుకొని, ఇటు తిరిగి ఒకపాలి సూసినదాకా దించలేదు. అప్పుడు కూడా ఆయన నా మొఖం సూడలేదక్కా.

పరంజ్యోతి